దిగులు పడిన మనిషికి పళ్లెందుకు పాడవుతాయి?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో సాయంత్రం పూట బోర్డులు చదువుకుంటూ నడవండి. మానసిక వైద్యుడి క్లినిక్ దాటగానే పళ్ల డాక్టరు బోర్డు, రెంటికీ నడుమ మందుల షాపు. తెనాలి, నూజివీడు, సత్తెనపల్లి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు ఈ చోట్లన్నీ తిరుగుతుంటారు. చేతిలో కవరు, కవరులో చీటీలు. డిప్రెషన్‌కి మందు రాసిన డాక్టరు నోరెలా ఉందని అడగడం తక్కువ. పన్ను పీకిన డాక్టరు రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని అడగడం ఇంకా తక్కువ. రెండు చీటీలూ ఒకే కవరులో ఉంటాయి గానీ వాటిని పక్కపక్కన పెట్టి చదివేవాళ్లు ఉండరు.

చదవాల్సిన అవసరం ఎంతుందో ఒక్క లెక్క చాలు చెప్పడానికి. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ల నోటి ఆరోగ్యం మీద పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి 2015లో ప్రచురించిన విశ్లేషణ ఒకటుంది. నోట్లో ఒక్క పన్నూ మిగలకుండా పోయే ముప్పు వాళ్లకు మిగతావాళ్లకంటే దాదాపు 2.8 రెట్లు ఎక్కువని అందులో తేలింది. మానసిక జబ్బు నేరుగా పంటిని తొలిచేది కాదు. మరి మధ్యలో ఏం జరుగుతోంది?

ఈ ప్రశ్న వేస్తే చాలామంది చిగుళ్లలోని క్రిములు మెదడుకెక్కుతాయన్న వార్తలు గుర్తుచేసుకుంటారు. ఆ సంగతికి తర్వాత వస్తాను. మన ఊళ్లల్లో పళ్లు ఊడగొడుతున్న కారణాలు అంతకంటే చాలా మామూలువి, చాలావరకు ఆపగలిగినవి. వాటిలో మొదటిది ఉమ్మి.

రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా మన నోట్లో లాలాజలం ఊరుతుంది. టీ తాగినా, బిస్కెట్టు తిన్నా, పంటి మీది పాచిలో ఉండే క్రిములు అందులోని చక్కెరను వాడుకుని ఆమ్లం వదులుతాయి. కొద్ది నిమిషాల్లోనే పాచిలో పీహెచ్ (ఆమ్లత్వం కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 5.5 కంటే కిందికి పడిపోతుంది. అక్కడి నుంచి పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, కరగడం మొదలు. అప్పుడు లాలాజలంలోని బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. కరిగిన చోట కాల్షియం, ఫాస్ఫేట్ మళ్లీ చేరతాయి. పాచి మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈ పాడవడం, బాగుపడడం ప్రతి నోట్లోనూ రోజంతా నడుస్తూనే ఉంటాయి. ఉమ్మి తగ్గిందంటే పాడవడం ఒక్కటే మిగులుతుంది.

మానసిక సమస్యలకు వాడే మందుల్లో చాలావాటికి నోరు ఎండగట్టే గుణం ఉంది. అమిట్రిప్టిలిన్ వాటిలో బాగా పాతది. డిప్రెషన్‌కే కాదు, మైగ్రేన్‌కీ నరాల నొప్పులకీ కూడా రాస్తారు కాబట్టి తమకు మానసిక సమస్యేదీ లేదనుకునేవాళ్ల కవరులోనూ అది ఉంటుంది. రెండోది ట్రైహెక్సీఫెనిడిల్. స్కిజోఫ్రెనియా మందులతో చేతులు వణికినా, ఒళ్లు బిగుసుకుపోయినా దానికి విరుగుడుగా ఇస్తారు. ఉమ్మి ఊరించమని నరాలు గ్రంథులకు పంపే సంకేతాన్ని ఈ రెండు మందులూ అడ్డుకుంటాయి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులతో ఈ బాధ తక్కువే గానీ బొత్తిగా లేకపోలేదు. స్కిజోఫ్రెనియాకి వాడే ఒలాంజపిన్ నోరు ఎండగట్టడంతో పాటు బరువునూ రక్తంలో చక్కెరనూ పెంచగలదు. షుగరొస్తే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రాదు. అదే జబ్బుకు వాడే క్లోజపిన్ మాత్రం దీనికి ఎదురు తిరుగుతుంది. దానితో ఉమ్మి ఎక్కువై రాత్రికి దిండు తడిసిపోతుంది. మందుల మాట అలా ఉంచితే, ఆందోళన కూడా నోరు ఎండగట్టేదే. భయం పట్టుకుంటే నోరు పిడచకట్టుకుపోవడం అందరికీ తెలిసిందే కదా.

ఇది నిత్యజీవితంలో ఎలా ఉంటుందో చూద్దాం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణం గుమాస్తా అమిట్రిప్టిలిన్ వాడుతున్నాడనుకోండి. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించేటప్పుడు లేచే ఘాటులో పొద్దుట్నించీ నిలబడాలి. నోరు ఆరిపోతోంది. తెచ్చుకున్న సీసాలో నీళ్లు పదింటికల్లా అయిపోయాయి. ఎదురుగా టీ బండి ఉంది. గంటకో టీ, మధ్యలో బుగ్గన పెట్టుకున్న పుదీనా బిళ్ల, మధ్యాహ్నం ఎండకి ఒక కూల్‌డ్రింకు. ప్రతిసారీ గొంతులోకి వెళ్లేది కొంచెమే. కానీ పంటికి కావలసిన ఆ అరగంట విరామం పొద్దుపోయేదాకా దొరకదు. మామూలుగా పుచ్చు నమిలే పైభాగంలోనో, పళ్ల సందుల్లోనో మొదలవుతుంది. ఇలాంటివాళ్లకు చిగురు అంచున, పంటి మెడ దగ్గర, అంతగా పుచ్చని కింది ముందు పళ్లకు కూడా గోధుమ రంగు గాట్లు పడతాయి. ఆ చోట్ల పుచ్చు చూసిన అనుభవజ్ఞుడైన డెంటిస్టు ముందు అడిగేది, ఏ మందులు వాడుతున్నారని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ మందు మానేయకండి. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, అప్పుడు పళ్లతో పాటు మనిషే కుదేలవుతాడు. చేయాల్సింది ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుకు నోరు ఎండుతోందని చెప్పడం. మోతాదు సర్దడం, మందు మార్చడం ఆయన చేతిలో ఉంటాయి. అడగకపోయినా చెప్పండి. ఉమ్మి గురించి డాక్టరుతో ఏం మాట్లాడతాంలే అని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

మన చేతిలో ఉన్నవి కూడా తక్కువేం కాదు. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండడం, టీలో చక్కెర మానడం, తీపి తినాలనిపిస్తే భోజనంతో పాటే తినేయడం, బిళ్లల బదులు జైలిటాల్ (పళ్లను పుచ్చబెట్టని తీపి పదార్థం) ఉన్న చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం. అన్నిటికంటే ముఖ్యం రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా అలాగే పడుకోవడం. నిద్రలో ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి పొద్దుటి బ్రష్ కన్నా రాత్రి బ్రష్‌కే విలువెక్కువ. మన ఇళ్లల్లో పొద్దున ముఖం కడుక్కోకపోతే కాఫీ చేతికివ్వరు, రాత్రి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ బాధ ఎరిగిన పల్నాడు, ప్రకాశం మెట్ట ఊళ్లవాళ్లకు ఆ పేరు వింటేనే భయం, అందులో న్యాయముంది. అయితే పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారయ్యే రోజుల్లో ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ వల్ల వచ్చేవి. పెద్దవాళ్లు తోముకుని ఉమ్మేసే పేస్టుతో ఆ మచ్చలు రావు.

రెండో కారణం ఒంట్లో సత్తువ పోవడం. డిప్రెషన్‌లో ముందుగా జారిపోయేవి చిన్న పనులు. స్నానం రేపటికి పోతుంది, దుప్పటి మడత అలాగే ఉండిపోతుంది, బ్రష్ పొడిగా ఉంటుంది. ఎవరూ చూడని పని కాబట్టి పళ్లు తోముకోవడం అన్నిటికంటే తేలిగ్గా తప్పిపోతుంది. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. అది జబ్బు లక్షణం. జ్వరం వచ్చిన మనిషిని ఒళ్లెందుకు కాలుతోందని తిట్టం, ఇదీ అలాంటిదే. తిట్టినకొద్దీ సిగ్గు పెరుగుతుంది. సిగ్గు పెరిగితే డాక్టరు ముందు నోరు తెరవడం ఇంకా కష్టమవుతుంది.

దీనికి పొగాకూ వక్కా తోడవుతాయి. మానసిక జబ్బులున్నవాళ్లలో పొగాకు వాడకం ఎక్కువని ఎన్నో దేశాల్లో చూశారు. వక్కలో అరెకోలిన్ అనే పదార్థం ఉంది, అది నరాల మీద పనిచేసి కాసేపు చురుకు తెప్పిస్తుంది. లారీ నడిపేవాళ్లు, రాత్రి కాపలా కాసేవాళ్లు, మనసు బాగోలేనివాళ్లు గుట్కాకీ వక్కకీ అలవాటు పడడం వెనక ఉన్నది ఆ కాసేపు దొరికే ఊరటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లో పొగాకు కలపని వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగానే లెక్కకట్టింది. క్యాన్సర్ కంటే ముందే బుగ్గల లోపలి పొర పీచులా గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. మీ వేళ్లు మూడు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోయినా, మామూలు కారానికే నోరు భగ్గుమంటున్నా డెంటిస్టుకు చూపించుకోవాలి. అలవాటు మానిపించడంలో సాయపడేవాళ్లు మానసిక వైద్యులే.

పళ్లు కొరకడం గురించి కూడా చెప్పుకోవాలి. విజయవాడ చుట్టూ గూడవల్లి, ఎనికెపాడు, నిడమానూరు దాకా పరుచుకున్న ఇంటర్ హాస్టళ్లలో పిల్లలు పొద్దున లేస్తూనే కణతలు నొప్పంటారు. దవడ బిగుసుకుందంటారు, చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమంటుందంటారు. తలనొప్పి మాత్ర వేసుకుని క్లాసుకు పోతారు. పక్క మంచం వాణ్ని అడిగితే రాత్రంతా పటపటా పళ్లు కొరికాడని చెబుతాడు. ఇంట్లో పెద్దవాళ్లు నులిపురుగులనుకుని ఆ మందు వేస్తారు, దానికి గట్టి ఆధారం లేదు. నిద్రలో కొరకడానికి కారణాలు చాలా ఉన్నాయి. మెలకువలో పంటి మీద పన్ను బిగించి కూర్చోవడానికి మాత్రం ఒత్తిడితో సంబంధం బాగా కనబడుతుంది. లెక్క చేస్తున్నప్పుడు, ఫోన్ చూస్తున్నప్పుడు ఒక్క క్షణం ఆగి గమనించుకోండి. పెదవులు కలిసి ఉండాలి, పళ్లు విడిగా ఉండాలి. రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు, నైట్‌గార్డ్, అరుగుదల నుంచి పళ్లను కాపాడుతుందే గానీ కొరకడాన్ని మాన్పదు. ఇంకో సంగతి డెంటిస్టులకు కూడా తెలిసి ఉండాలి. ఫ్లూయొక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే కొందరిలో ఈ కొరకడం మొదలవుతుంది. అదే జరిగితే రాసిన డాక్టరుకు చెబితే సర్దుతారు.

గుంటూరు మనుషుల నోరు మండితే కారం మీదకే నెపం పోతుంది. కానీ కారం లేని పెరుగన్నం తింటున్నా, ఏమీ తినకపోయినా నాలుక మండుతూనే ఉంటే అది వేరే కథ. నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువ. చూస్తే నాలుక మీద పుండు ఉండదు, ఎరుపు ఉండదు. పాపం ఆవిడ ఒక డాక్టరు దగ్గర్నుంచి ఇంకో డాక్టరు దగ్గరకు తిరుగుతుంది, ఎక్కడ చూసినా ఏమీ లేదనే మాటే. ముందు బీ12, ఐరన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించాలి. నోట్లో ఫంగస్ ఉందేమో, ఎండిపోతోందేమో చూడాలి. అవేవీ కాకపోతే అప్పుడు నోటి మంట అనే జబ్బుగా తేలుస్తారు. దానితో ఆందోళన, దిగులు కలిసి ఉండడం తరచుగా చూస్తుంటారు. మంట వల్ల దిగులా, దిగులు వల్ల మంటా అన్నది విడదీయలేని చోట రెంటికీ వైద్యం చేయడమే మంచిది. ఆమెకున్న మంట నిజమైనది. అది మనసులో పుట్టిందన్న అనుమానంతో ఆమె మాట కొట్టిపారేయడం వైద్యం కాదు.

ఇంతవరకూ మనసు నుంచి నోటికి వచ్చాం. అటు నుంచి కూడా దారి ఉంది. పంటి నొప్పి రాత్రి పడుకుంటే ఎక్కువవుతుంది. పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఒత్తిడి పెరిగి పోటు ఎక్కువ తెలుస్తుంది. వరసగా రాత్రుళ్లు నిద్ర లేకపోతే మామూలు మనిషికే చిరాకు, ఏడుపు వస్తాయి. దిగులు ఉన్న మనిషి ఇంకా కిందికి జారుతాడు. ముందు పన్ను పోయినవాళ్లు, గార పట్టిన పళ్లవాళ్లు, ఫ్లోరోసిస్ మచ్చలున్న అమ్మాయిలు నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవడం మనం చూస్తూనే ఉంటాం. పెళ్లిచూపుల్లో పెదవి విప్పరు, ఇంటర్వ్యూలో తల వంచుకుంటారు, ఫొటోకి పిలిస్తే వెనక వరసకి పోతారు. నలుగురిలో తినడం మానేసిన పెద్దవాళ్లు క్రమంగా నలుగురిలోకి రావడమే మానేస్తారు. పళ్ల సెట్టును వయసుకొచ్చిన సోకుగా చూసే ఇళ్లల్లో ఈ సంగతి ఎవరికీ తట్టదు.

ఇక క్రిముల సంగతి. చిగుళ్ల జబ్బు ముదిరినవాళ్ల రక్తంలో వాపును సూచించే పదార్థాలు పెరుగుతాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికీ అవి ఎక్కువగా ఉంటాయి. రెండూ కలిసి కనిపిస్తున్నాయన్నంతవరకూ నిజం, ఒకటి ఇంకోదానికి కారణమని తేలలేదు. 2019లో ఒక అధ్యయనం అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుతో చనిపోయినవాళ్ల మెదడులో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే చిగుళ్ల క్రిమి ఆనవాళ్లు చూపించింది. పేపర్లన్నీ రాశాయి. ఆ క్రిమి ఎంజైములను అడ్డుకునే మందును రోగుల మీద ప్రయోగించి చూస్తే, 2021లో వచ్చిన ఫలితాల్లో జ్ఞాపకశక్తి క్షీణత ఆశించినట్టు నెమ్మదించలేదు. ఆ వార్తకు అంత చోటు దొరకలేదు.

ఇలాంటి చోట తొందరపడితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. అమెరికాలోని ట్రెంటన్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి 1907లో అధిపతిగా వచ్చిన హెన్రీ కాటన్ అనే డాక్టరు, పిచ్చికి మూలం ఒంట్లో దాగిన ఇన్‌ఫెక్షనేనని నమ్మాడు. ముందు రోగుల పళ్లు పీకించాడు, తర్వాత టాన్సిల్స్, ఆ తర్వాత పెద్దపేగులు కోయించాడు. ఎక్కువమందికి నయమవుతోందని ప్రకటించుకున్నాడు. 1920లలో ఫిలిస్ గ్రీనేకర్ అనే వైద్యురాలు రికార్డులు తిరగేసి ఆ మాట నిలవదని తేల్చింది. అప్పటికే ఎందరో ఆపరేషన్లలో చనిపోయారు. బతికినవాళ్లు పళ్లు లేక సరిగా తినలేక, మాట్లాడలేక మిగిలారు. కాబట్టి చిగుళ్లు బాగుచేయిస్తే డిప్రెషన్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చిగుళ్లు బాగుచేయించుకోవడానికి చిగుళ్ల జబ్బు ఉంటే చాలు.

అసలు డాక్టరు దాకా వెళ్లనివ్వని భయం ఒకటుంది. పై పన్ను పీకితే చూపు పోతుందని, క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన దగ్గర ఇప్పటికీ అనుకుంటారు. రెండూ నిజం కావు. పై పళ్ల నరాలకూ కంటిచూపు నరానికీ సంబంధం లేదు. క్లీనింగ్ తర్వాత వదులనిపించేది, ఎముక అప్పటికే అరిగిపోయి గార అంటిపెట్టుకుని నిలిపిన పన్ను. చిన్నప్పుడు చేతులు కాళ్లు పట్టుకుని పన్ను పీకించిన జ్ఞాపకం ఉన్నవాళ్ల భయం ఇలా వివరిస్తే పోదు. వాళ్లు నొప్పి భరించలేని రోజు దాకా ఆగుతారు, ఆ రోజు పెద్ద పనే పడుతుంది, భయం రెట్టింపవుతుంది. ఇలాంటివాళ్లు మొదటిసారి చూపించుకోవడానికి మాత్రమే వస్తున్నామని ముందే చెప్పి వెళ్లవచ్చు. చేయి ఎత్తితే ఆపాలని ఒప్పందం చేసుకోవచ్చు. ఏం చేయబోతున్నారో చెప్పి, చూపించి, అప్పుడే చేసే పద్ధతి పిల్లల దంతవైద్యంలో ఎప్పటి నుంచో ఉంది, పెద్దలకూ పనికొస్తుంది.

చీటీలు పక్కపక్కన పెట్టి చదవకపోతే ప్రాణం మీదకు వచ్చే సందర్భం కూడా ఒకటుంది. బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవాళ్లు పంటి నొప్పికి షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వరసగా వేసుకుంటే రక్తంలో లిథియం విషపు స్థాయికి పెరగవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట తడబడడం దాని గుర్తులు. అలా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పికి పారాసెటమాల్ వాళ్లకు మెరుగు. ఎస్సిటాలోప్రామ్ రకం మందులూ ఈ నొప్పి మాత్రలూ కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి పన్ను పీకించుకునే ముందు డెంటిస్టుకు ఆ చీటీ చూపించి తీరాలి. మానసిక జబ్బు మందులని సిగ్గుపడి ఆ ఒక్క చీటీ ఇంట్లో వదిలి వెళ్లేవాళ్లున్నారు. అలా వదలకూడని చీటీ అదే.

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. మానసిక వైద్యుడి గడప తొక్కని మనిషి కూడా పంటి నొప్పి వస్తే పళ్ల డాక్టరు దగ్గరకు వస్తాడు. అరిగిన పళ్లు, కొరుక్కున్న బుగ్గలు, మాటిమాటికీ వచ్చే నోటి పూత, తరచూ వాంతి చేసుకునేవాళ్లలో పై ముందు పళ్ల లోపలి వైపు కరగడం, ఇవన్నీ ముందు ఆయన కంట పడతాయి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, సిద్ధార్థ వైద్య కళాశాల రెండూ ఉన్నాయి. పన్నెలా ఉందో చూసిన జూనియర్ డాక్టరు నిద్రెలా ఉందని కూడా అడిగి, అవసరమైతే మానసిక విభాగానికి ఒక చీటీ రాసి పంపడానికి కొత్త యంత్రాలేం అక్కర్లేదు. అటువైపు నుంచీ అంతే. మందు రాసేటప్పుడు నోరు ఎండవచ్చు, ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకోండి అన్న ఒక్క వాక్యం చాలు.

ఇంట్లో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే పళ్లు తోముకోమని ఆజ్ఞాపించకండి. మీరు తోముకునేటప్పుడు రెండో బ్రష్ మీద కూడా పేస్టు వేసి చేతికివ్వండి. లేవలేని రోజున మంచం మీదే కూర్చోబెట్టి, ఒక గిన్నె పట్టుకోండి. రెండు నిమిషాలు కాకపోయినా అర నిమిషమైనా సరే. అదీ కుదరని రోజున వేలితో కొంచెం పేస్టు పళ్లకు రాసినా ఏమీ లేనిదానికంటే నయం. ముఖం ఒక పక్క వాచి జ్వరం వచ్చినా, మింగలేకపోతున్నా, నోరు తెరవలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దిగులు గురించి ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలి మానస్ ఉచిత నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.